పేజ్ క్యాష్ లుకప్‌లో లాక్ తీసేశాక అప్పుడప్పుడు వేరే ఫైల్ డేటా వస్తోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

రాత్రిబిల్డ్:

అందరికీ నమస్తే. నేర్చుకోడానికి సొంతంగా ఒక చిన్న కెర్నల్ రాస్తున్నా, పేజ్ క్యాష్ (ఫైళ్ళ డేటాని 4 కేబీ పేజ్‌లుగా మెమరీలో ఉంచుకునే చోటు) దగ్గర వారం నుంచి ఇరుక్కుపోయా, కాస్త పెద్ద పోస్టే అయ్యేలా ఉంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఎలా ఉండేదంటే ఫైల్‌కో రాడిక్స్ ట్రీ (ఇండెక్స్ ఇస్తే పేజ్ వెతికిపెట్టే చెట్టు), ఆ ట్రీకి ఒక స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ ఆగే లాక్). రీడ్ వస్తే లాక్ పట్టుకుని, ఆ ఇండెక్స్‌లో పేజ్ ఉందేమో చూసి, ఉంటే రెఫ్‌కౌంట్ (పేజ్‌ని ఎంతమంది పట్టుకుని ఉన్నారనే లెక్క) 1 పెంచి, లాక్ వదిలేసి, యూజర్ బఫర్‌లోకి కాపీ చేసి, తర్వాత రెఫ్‌కౌంట్ తగ్గించేవాణ్ణి. ఇది కరెక్ట్‌గానే పనిచేసేది. కానీ 8 కోర్ల మీద 8 థ్రెడ్లు ఒకే ఫైల్ చదువుతుంటే ప్రొఫైల్‌లో పైన కనపడేది ఆ లాకే, కాపీ చేసే ఫంక్షన్ ఎక్కడో కింద ఉంది. డేటా అంతా మెమరీలోనే ఉంది, ఎవరూ ఏమీ మార్చట్లేదు, అయినా అందరూ ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగుతున్నారు, చూస్తుంటే బాధేసింది.

అందుకని ఆర్‌సీయూ పెట్టా, అంటే రీడర్లు లాక్ లేకుండా చదువుతారు, తీసేసినదాన్ని అప్పటికే చదువుతున్నవాళ్ళందరూ బయటకొచ్చాకే ఫ్రీ చేస్తారు, ఆ ఆగే సమయమే గ్రేస్ పీరియడ్. ట్రీ నోడ్లు తీసేశాక గ్రేస్ పీరియడ్ అయ్యేదాకా ఫ్రీ చేయను. లుకప్‌లో లాక్ లేదు, ఆర్‌సీయూ రీడ్ సెక్షన్‌లోకి వెళ్ళి, ట్రీ దిగి, స్లాట్‌లోంచి పేజ్ పాయింటర్ తీసుకుని, రెఫ్‌కౌంట్ అటామిక్‌గా పెంచి బయటకొచ్చేస్తా. ట్రీలో పెట్టడం తీయడం మాత్రం పాత లాక్ కిందే.

మెమరీ ఖాళీగా ఉన్నంతసేపు సూపర్. మెమరీ నిండి రిక్లెయిమ్ (క్యాష్‌లో పేజ్‌లు తీసేసి మెమరీ ఖాళీ చేయడం) మొదలైతే రెండు రకాల గోల. ఒకటి, ఫైల్ ఎ చదివితే ఫైల్ బి లోని 4 కేబీ ముక్క వస్తుంది, ఎప్పుడో ఒకసారి. రెండోది, పేజ్ ఫ్రీ చేసేచోట "ఇది ఆల్రెడీ ఫ్రీ లిస్ట్‌లో ఉంది" అని నేను పెట్టుకున్న చెక్ తగిలి పానిక్. రీడ్ సెక్షన్‌లో ఉన్నా కదా, పేజ్ ఎలా మాయమవుతుంది అన్నదే నాకు అర్థంకావట్లా. పేజ్‌లని కూడా గ్రేస్ పీరియడ్ తర్వాతే ఫ్రీ చేయాలా?

---

స్లాట్‌మళ్ళీచూడు:

నీ పోస్టులోనే జవాబు ఉంది బ్రో. "నోడ్లు గ్రేస్ పీరియడ్ అయ్యేదాకా ఫ్రీ చేయను" అని రాశావ్, పేజ్‌లు అని రాయలేదు. ఆర్‌సీయూ కాపాడేది దాని ద్వారా ఫ్రీ అయ్యేవాటినే. నువ్వు రీడ్ సెక్షన్‌లో నిలబడి ఉంటే కాళ్ళకింద నోడ్ ఉంటుంది, ఆ నోడ్‌లో రాసి ఉన్న అడ్రస్‌లో అదే పేజ్ ఇంకా ఉందని ఎవరూ హామీ ఇవ్వట్లేదు.

నీ రెండు బగ్గులూ ఒక్కోటి ఎలా వస్తున్నాయో చెప్తా, ఇది సరిగ్గా పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే వస్తుంది.

పానిక్ సంగతి ముందు. రీడర్ స్లాట్‌లోంచి పాయింటర్ తీసుకున్నాడు, ఇంకా కౌంట్ పెంచలేదు. ఈలోగా ఇంకో కోర్ మీద రిక్లెయిమ్ ఆ పేజ్‌ని ట్రీలోంచి పీకి, కౌంట్ 0 చేసి, ఫ్రీ లిస్ట్‌లో వేసింది. ఇప్పుడు రీడర్ పెంచాడు, 0 కాస్తా 1 అయింది. చచ్చిపోయిన పేజ్‌కి ప్రాణం పోశాడన్నమాట, కానీ అది ఫ్రీ లిస్ట్‌లోనే ఉంది. రీడర్ కాపీ చేసుకుని తగ్గించాడు, 1 మళ్ళీ 0 అయింది, నీ కోడ్ "సున్నా అయింది కాబట్టి నేనే ఫ్రీ చేయాలి" అనుకుంది. అదే నీ డబుల్ ఫ్రీ. మధ్యలో అలొకేటర్ ఆ పేజ్‌ని ఇంకెవరికో ఇస్తూ కౌంట్‌లో నేరుగా 1 రాసేస్తే ఇంకా ఘోరం, రీడర్ పెంచిన లెక్క తుడిచిపెట్టుకుపోతుంది, తర్వాత రీడర్ తగ్గించగానే కొత్త ఓనర్ చేతిలో ఉన్న పేజ్ ఫ్రీ అయిపోతుంది.

దీనికి మందు ఏంటంటే ఊరికే పెంచకూడదు, "సున్నా కాకపోతేనే పెంచు" అనే అటామిక్ ఆపరేషన్ వాడాలి. కంపేర్ అండ్ స్వాప్ (విలువ అనుకున్నదే ఉంటేనే ఒక్క దెబ్బలో మార్చే ఇన్‌స్ట్రక్షన్) లూప్‌తో రాసుకోవచ్చు. సున్నా ఉంటే ఫెయిల్ అవ్వాలి, పేజ్‌ని ముట్టుకోకూడదు. లైనక్స్‌లో పాతకాలంలో గెట్ పేజ్ అన్‌లెస్ జీరో, ఇప్పుడు ఫోలియో ట్రై గెట్ అంటారు, పని అదే.

ఇప్పుడు ఫైల్ బి డేటా ఎలా వచ్చిందో. పాయింటర్ తీసుకున్నాడు, ఆగాడు, పేజ్ ఫ్రీ అయింది, వెంటనే ఫైల్ బి కోసం అలొకేట్ అయింది, కౌంట్ ఇప్పుడు 1 లేదా అంతకంటే ఎక్కువే. సున్నా కాకపోతే పెంచు అన్నా సరే, పెరుగుతుంది! కానీ అది నీకు కావాల్సిన పేజ్ కాదు. కాబట్టి కౌంట్ దొరికాక, అదే స్లాట్‌ని ఇంకోసారి చదివి, అందులో ఇంకా అదే పాయింటర్ ఉందో లేదో చూడాలి. లేకపోతే కౌంట్ తగ్గించేసి మొదటికి రావాలి.

మొత్తం లుకప్ ఇలా ఉంటుంది:

ఆర్‌సీయూ రీడ్ సెక్షన్ మొదలు
మళ్ళీ: ట్రీ పైనుంచి దిగి స్లాట్ చదువు
ఖాళీ అయితే, లేదా పేజ్ కాని ఎంట్రీ అయితే, బయటకి
సున్నా కాకపోతే పెంచు, ఫెయిల్ అయితే మళ్ళీ
స్లాట్ తిరిగి చదువు, పాయింటర్ మారితే కౌంట్ వదిలేసి మళ్ళీ
ఆర్‌సీయూ రీడ్ సెక్షన్ ముగింపు

తిరిగి చదవడం కూడా రీడ్ సెక్షన్ లోపలే జరగాలి, లేకపోతే ఆ స్లాట్ ఉన్న నోడే ఫ్రీ అయిపోయి ఉండొచ్చు. ఒక డౌట్ వస్తుంది నీకు, మధ్యలో పేజ్ వెళ్ళిపోయి తిరిగి అదే ఫైల్‌కి అదే ఇండెక్స్‌లోకి వచ్చి ఉంటే? వచ్చినా నష్టం లేదు. నీ చేతిలో కౌంట్ ఉంది, ఈ క్షణంలో ఆ స్లాట్‌లో ఆ పేజే ఉంది, నీకు కావాల్సింది కచ్చితంగా ఇదే.

లైనక్స్‌లో ఈ పద్ధతి నిక్ పిగ్గిన్ తెచ్చాడు, 2008లో కెర్నల్ వెర్షన్ 2.6.27లో కలిసింది. అంతకుముందు ప్రతి లుకప్ ట్రీ లాక్ పట్టుకునేది, నువ్వు మొదట రాసినట్టే. 4.20లో రాడిక్స్ ట్రీ పోయి అదే పని చేసే ఎక్స్‌అర్రే వచ్చింది, 5.16లో పేజ్ కాస్తా ఫోలియో (ఒకటి లేదా ఎక్కువ పేజ్‌లు కలిపి ఒకే యూనిట్) అయింది, అన్నీ మారినా లుకప్‌లో ఆ నాలుగు మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

---

గ్రేస్‌పీరియడ్:

పైన చెప్పింది కరెక్టే, కానీ ఒక ముఖ్యమైన విషయం చెప్పకుండా వదిలేశారు. ఫ్రీ అయిపోయిన పేజ్ రెఫ్‌కౌంట్‌ని చదవడం అసలు సేఫ్ ఎందుకు అయింది? ఎందుకంటే కౌంట్ ఉండేది పేజ్‌లో కాదు, పేజ్ గురించిన డిస్క్రిప్టర్‌లో. లైనక్స్‌లో స్ట్రక్ట్ పేజ్ అని 64 బైట్లది, ప్రతి 4 కేబీకి ఒకటి, బూట్‌లోనే పెద్ద అర్రేగా వేసేస్తారు, మెమరీని హాట్ అన్‌ప్లగ్ చేస్తే తప్ప అది ఎక్కడికీ పోదు. పేజ్ ఎవరి చేతిలో ఉన్నా, ఫ్రీ లిస్ట్‌లో ఉన్నా, ఆ చోట కౌంట్ అనే ఫీల్డ్ కౌంట్‌గానే ఉంటుంది. ఈ గ్యారంటీ లేకపోతే పైన చెప్పిన లుకప్ మొత్తం కూలిపోతుంది.

రాత్రిబిల్డ్ గారూ, మీ డిస్క్రిప్టర్లు ఎక్కడ ఉన్నాయి? హీప్‌లోంచి అలొకేట్ చేసి పేజ్‌తోపాటు ఫ్రీ చేస్తున్నారా? అలా అయితే "సున్నా కాకపోతే పెంచు" అన్నది ఇంకెవరిదో డేటా మీద ఆడుతుంది. ముందు అది చూసుకోండి.

మీ రెండో ప్రశ్న, పేజ్‌లని కూడా గ్రేస్ పీరియడ్ తర్వాత ఫ్రీ చేయాలా అని. చేస్తే డేటా మారిపోవడం ఆగుతుంది, కానీ ఒకసారి ఆలోచించండి, రిక్లెయిమ్ ఎప్పుడు నడుస్తుంది? మెమరీ అయిపోయినప్పుడు. అప్పుడు పీకిన పేజ్ వెంటనే చేతికి రావాలి. గ్రేస్ పీరియడ్ అంటే అన్ని కోర్లూ ఒక్కసారైనా రీడ్ సెక్షన్ బయటకొచ్చేదాకా ఆగడం, మిల్లీసెకండ్లలో ఉంటుంది, ఆ మధ్యలో పీకిన పేజ్‌లన్నీ ఎవరికీ పనికిరాకుండా కుప్పగా పడి ఉంటాయి. పైగా ఇప్పుడే ఫ్రీ అయిన పేజ్ ప్రాసెసర్ క్యాష్‌లో వేడిగా ఉంటుంది, దాన్నే మళ్ళీ ఇస్తే లాభం, ఆ లాభమూ పోతుంది. అందుకే నోడ్లకి ఆర్‌సీయూ, పేజ్‌లకి కౌంటూ రీచెకూ అని విడదీశారు. నా ఉద్దేశంలో ఈ డిజైన్‌లో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఇదే.

ఇదే పద్ధతి చిన్న ఆబ్జెక్టులకి కూడా ఉంది. స్లాబ్ టైప్‌సేఫ్ బై ఆర్‌సీయూ అనే ఫ్లాగ్ పెడితే ఆబ్జెక్ట్ వెంటనే రీయూజ్ అయిపోవచ్చు, కానీ ఆ మెమరీ గ్రేస్ పీరియడ్ లోపల ఇంకో టైప్ ఆబ్జెక్టుగా మాత్రం మారదు. వెతుకు, సున్నా కాకపోతే పట్టుకో, అదేనా కాదా మళ్ళీ చూడు, అవే మూడు మెట్లు. లైనక్స్ 6.7 నుంచి ఓపెన్ ఫైల్ స్ట్రక్చర్లు కూడా ఈ దారికే వచ్చాయి.

---

రాత్రిబిల్డ్:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. డిస్క్రిప్టర్లు బూట్‌లో వేసిన అర్రేలోనే ఉన్నాయి, అది అదృష్టం. సున్నా కాకపోతే పెంచు పెట్టా, స్లాట్ రీచెక్ పెట్టా. పానిక్ పోయింది, ఫైల్ బి డేటా రావడం కూడా ఆగిపోయింది.

కానీ కొత్తది ఒకటి వచ్చింది, ఇది నాకు ఇంకా భయంగా ఉంది. ఒక థ్రెడ్ ఫైల్‌లోకి రాస్తుంటుంది, మెమరీ ప్రెషర్ కూడా ఉంటుంది, అప్పుడప్పుడు రాసింది మాయమవుతోంది. రైట్ సక్సెస్ అని వస్తుంది, తర్వాత చదివితే డిస్క్ మీద పాత డేటా. నా రిక్లెయిమ్ ఇలా ఉంది: ట్రీ లాక్ పట్టుకుంటా, పేజ్ డర్టీ (మారింది, ఇంకా డిస్క్‌కి రాయలేదు) అయితే వదిలేస్తా, కౌంట్ 2 కంటే ఎక్కువ ఉంటే (క్యాష్‌ది ఒకటి, రిక్లెయిమ్‌ది ఒకటి) ఎవరో వాడుతున్నారని వదిలేస్తా, లేకపోతే ట్రీలోంచి తీసి ఫ్రీ. లాక్ కిందే చేస్తున్నా కదా మరి?

---

స్లాట్‌మళ్ళీచూడు:

ఆ లాక్ ఇప్పుడు రీడర్లని ఆపట్లేదు కదా బ్రో, నువ్వే తీసేశావ్. పాత కోడ్‌లో లాక్ రెండు పనులు చేసేది, ట్రీని కాపాడేది, కౌంట్ కొత్తగా పెరగకుండా కూడా ఆపేది. రెండో పని చేస్తోందని లాక్ ఉన్నన్నాళ్ళూ ఎవరికీ కనపడదు, తీసేశాకే తెలుస్తుంది.

నీ కోడ్‌లో రెండు చిల్లులు ఉన్నాయి.

మొదటిది, కౌంట్ చూడ్డానికీ ట్రీలోంచి తీయడానికీ మధ్య ఖాళీ. నువ్వు 2 అని చూశావ్, అప్పుడే ఒక రైటర్ లాక్ లేకుండా లుకప్ చేసి కౌంట్ 3 చేశాడు, స్లాట్ రీచెక్ చేశాడు, ఇంకా ఉంది, ఓకే అనుకున్నాడు. తర్వాత నువ్వు తీసేశావ్. అతను ట్రీలో లేని పేజ్‌లో రాస్తున్నాడు. కాబట్టి చూడ్డం కాదు, అటామిక్‌గా "2 ఉంటే 0 చెయ్యి" అనాలి, ఒకే కంపేర్ అండ్ స్వాప్. దీన్నే ఫ్రీజ్ అంటారు. కౌంట్ 0 అయిన క్షణం నుంచి ఏ రీడర్‌కీ అది దొరకదు, తలుపు మూసేసినట్టే. స్వాప్ ఫెయిల్ అయితే ఎవరో వాడుతున్నారు, వదిలెయ్.

రెండోది డర్టీ చెక్ ముందు ఉండటం. ఇది చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, నిజంగా డేటా పోగొట్టేది ఇదే. వరస చూడు: ఒక రైటర్ ఆల్రెడీ కౌంట్ పట్టుకుని ఉన్నాడు, ఇంకా రాయలేదు. నువ్వు డర్టీ చూశావ్, కాదు. అతను రాశాడు, డర్టీ పెట్టాడు, కౌంట్ వదిలాడు. ఇప్పుడు నువ్వు కౌంట్ చూశావ్, 2, బాగుంది, తీసేశావ్. ఫ్రీజ్ చేసినా సరే ఈ వరసలో డేటా పోతుంది! కాబట్టి ముందు ఫ్రీజ్, తర్వాతే డర్టీ చూడు. ఫ్రీజ్ గెలిచిందంటే ఇంకెవరి దగ్గరా కౌంట్ లేదు, వదిలేసినవాళ్ళు ముందే డర్టీ పెట్టి వదిలారు, కాబట్టి ఇప్పుడు చూసే డర్టీ బిట్టే ఫైనల్. డర్టీ ఉందంటే కౌంట్ తిరిగి 2 చేసి వదిలెయ్, రీడర్లు వాళ్ళంతట వాళ్ళే రీట్రైలో పట్టుకుంటారు. లైనక్స్ రిక్లెయిమ్ కోడ్‌లో ఈ వరస గురించి పెద్ద కామెంటే ఉంటుంది, ఎవరైనా తెలియక అటూ ఇటూ మార్చేస్తారేమోనని.

ఇంకోటి, ఫ్రీజ్ చేసినప్పటినుంచి ట్రీలోంచి తీసేదాకా ప్రీఎంప్ట్ అవ్వకూడదు (మధ్యలో నిన్ను ఆపి కోర్ ఇంకో థ్రెడ్‌కి ఇవ్వకూడదు). ఎందుకంటే అప్పుడు లుకప్‌కి వచ్చినవాడు స్లాట్‌లో పేజ్ చూస్తాడు, కౌంట్ 0, ఫెయిల్, మళ్ళీ, ఫెయిల్, మళ్ళీ... అలా తిరుగుతూనే ఉంటాడు. నువ్వు నిద్రపోతే అదే కోర్ మీద ఎక్కువ ప్రయారిటీ ఉన్న రీడర్ ఎప్పటికీ తిరుగుతాడు. ఇంటరప్ట్స్ ఆపి స్పిన్‌లాక్ కింద చేస్తే సరిపోతుంది.

---

ఫైలుతలుపు:

ట్రంకేట్ (ఫైల్‌ని కత్తిరించి చిన్నది చేయడం) గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతా, అక్కడ చాలామంది ఫ్రీజ్ పెట్టి ఇరుక్కుంటారు.

ట్రంకేట్‌లో ఫ్రీజ్ అక్కర్లేదు, పెట్టకూడదు కూడా. యూజర్ ఫైల్‌ని చిన్నది చేయమన్నాడు, ఎవరో పేజ్ పట్టుకుని చదువుతున్నారని ఆగలేం. పేజ్ లాక్ పట్టుకుని, ట్రీలోంచి తీసి, పేజ్ డిస్క్రిప్టర్‌లో ఉండే మ్యాపింగ్ పాయింటర్ (ఈ పేజ్ ఏ ఫైల్‌దో చెప్పేది) నల్ చేసి, క్యాష్ కౌంట్ వదిలేయడమే. పట్టుకున్నవాళ్ళ దగ్గర పేజ్ బతికే ఉంటుంది, వాళ్ళు వదిలాక పోతుంది.

దీని అర్థం ఏంటంటే లుకప్ ఇచ్చిన కౌంట్ "ఈ పేజ్ ఫ్రీ అవ్వదు" అని మాత్రమే చెప్తుంది, "ఈ పేజ్ ఈ ఫైల్‌లోనే ఉంటుంది" అని చెప్పదు. ఈ రెండూ కలిపేసుకుంటే చాలా పొరపాట్లొస్తాయి. ఊరికే చదవడానికైతే పర్లేదు, ట్రంకేట్‌కి ఒక్క క్షణం ముందు చదివినట్టే లెక్క. రాయాలనుకుంటే మాత్రం పేజ్ లాక్ తీసుకుని మ్యాపింగ్ ఇంకా నీ ఫైల్‌దేనా చూడాలి, కాకపోతే లాక్ వదిలి, కౌంట్ వదిలి, మళ్ళీ వెతకాలి. లైనక్స్‌లో లాక్ చేసి ఇవ్వమని అడిగితే లుకప్ ఫంక్షనే ఈ చెక్ చేసి పెడుతుంది.

చదివేటప్పుడు కూడా ఒకటుంది. పేజ్ ట్రీలో ఉంది అంటే డిస్క్‌లోంచి డేటా వచ్చేసిందని కాదు. అప్‌టుడేట్ బిట్ చూడాలి, ఆ బిట్ పెట్టేముందు రైట్ బ్యారియర్, చూశాక రీడ్ బ్యారియర్ (ప్రాసెసర్ వరస మార్చకుండా ఆపేవి) ఉండాలి, లేదంటే బిట్ కొత్తది డేటా పాతది కనపడే ప్రాసెసర్లున్నాయి.

ఫైల్ మధ్యలో హోల్ కొట్టే (మధ్యలోని బ్లాకులు వదిలేసే) ఆపరేషన్ పెట్టాలనుకుంటే అది వేరే కథ, పేజ్‌లు తీశాక బ్లాకులు ఫ్రీ చేసేలోపు ఇంకెవరో పేజ్ ఫాల్ట్‌తో పాత బ్లాక్‌లోంచి మళ్ళీ నింపేయగలరు. లైనక్స్ 5.15లో దీనికోసం మ్యాపింగ్‌కి ఇన్వాలిడేట్ లాక్ అని ప్రత్యేకంగా పెట్టారు. ఇప్పటికి మీకు అవసరం లేకపోవచ్చు.

---

రాత్రిబిల్డ్:

ఫ్రీజ్ ముందు, డర్టీ తర్వాత అని మార్చా. నిన్న రాత్రంతా నడిపా, ఒక్క రైట్ కూడా పోలేదు. ఫైలుతలుపు గారూ, నేను సరిగ్గా మీరు చెప్పిన పొరపాటే చేశా, ట్రంకేట్‌కి కూడా అదే ఫ్రీజ్ ఫంక్షన్ పిలిచా, తీసేశా.

ఇంకో చిన్న వింత. అలొకేటర్‌లో పేజ్ ఇచ్చాక కౌంట్ సరిగ్గా 1 ఉండాలని నా డ్రైవర్ కోడ్‌లో ఒక అసర్ట్ ఉంది. అది ఇప్పుడు అరుదుగా తగులుతోంది, 2 ఉంటోంది. ఆ పేజ్‌కీ పేజ్ క్యాష్‌కీ సంబంధమే లేదు, నెట్‌వర్క్ బఫర్ అది. లీక్ ఏమైనా ఉందా?

---

గ్రేస్‌పీరియడ్:

లీక్ కాదండి, అసర్ట్ తీసేయండి. ఈ డిజైన్ తీసుకున్నాక వచ్చే ఫలితం అది. పాత పాయింటర్ పట్టుకుని ఆగిన రీడర్ ఎవరో, మీ నెట్‌వర్క్ బఫర్ అయిపోయిన పేజ్ మీద కౌంట్ పెంచాడు, స్లాట్ రీచెక్‌లో "ఇది కాదు" అని తెలిసి తగ్గిస్తాడు. ఆ రెండిటి మధ్య మీ అసర్ట్ చూసింది. అంటే సిస్టమ్‌లో ఏ పేజ్ కౌంట్ అయినా, ఎప్పుడైనా, సంబంధం లేని వాళ్ళ వల్ల కాసేపు ఎక్కువ ఉండొచ్చు. "కౌంట్ ఇంతే ఉంటుంది" అని నమ్మే ఏ కోడ్ అయినా తప్పే, ఫ్రీజ్ లాంటి అటామిక్ మార్పిడి తప్ప.

దీని నుంచి ఇంకో రెండు విషయాలు వస్తాయి, జాగ్రత్తగా చూసుకోండి.

ఒకటి, డ్రైవర్ తన కౌంట్ వదిలేటప్పుడు రీడర్ కౌంట్ ఇంకా ఉంటే 2 కాస్తా 1 అవుతుంది, డ్రైవర్ వెళ్ళిపోతాడు. తర్వాత రీడర్ వదిలినప్పుడు 0. అంటే ఆ పేజ్‌ని నిజంగా ఫ్రీ చేసేది ఆ సంబంధంలేని రీడర్! అది కూడా ఆర్‌సీయూ రీడ్ సెక్షన్ లోపల. కాబట్టి మీ ఫ్రీ ఫంక్షన్ నిద్రపోయే లాక్ ఏదీ తీసుకోకూడదు.

రెండోది లైనక్స్‌నే చాలాకాలం పట్టి పీడించింది. 4 పేజ్‌లు ఒక్క ముక్కగా అలొకేట్ చేశారనుకోండి, కాంపౌండ్ (అన్నీ కలిపి ఒకటే అని గుర్తు పెట్టిన ముక్క) కాకుండా. కౌంట్ మొదటి పేజ్‌కే. ఓనర్ "4 పేజ్‌లు ఫ్రీ చెయ్యి" అన్నాడు, కానీ ఆ క్షణంలో మొదటి పేజ్ మీద ఒక రీడర్ కౌంట్ ఉంది, సున్నా అవ్వలేదు, ఓనర్ ఏమీ చేయకుండా వెళ్ళిపోయాడు. తర్వాత రీడర్ వదిలాడు, రీడర్‌కి అది 4 పేజ్‌ల ముక్క అని తెలియదు, ఒక్క పేజ్ ఫ్రీ చేశాడు. మిగతా 3 పేజ్‌లు ఎప్పటికీ పోయినట్టే. 5.10లో సరిచేశారు, ఇప్పుడు ఓనర్ వదిలినప్పుడు సున్నా కాకపోతే మొదటిది తప్ప మిగతా పేజ్‌లని ఓనరే అక్కడికక్కడే ఫ్రీ చేసేస్తాడు, మొదటిది రీడర్ చూసుకుంటాడు. 2008లో వచ్చిన డిజైన్‌లో ఈ మూల 2020 దాకా అలాగే ఉండిపోయింది. మీ అలొకేటర్‌లో పెద్ద ముక్కలు ఇస్తుంటే ఇప్పుడే చూసుకోండి.

---

ట్రీమెట్లు:

మంచి థ్రెడ్. ఒక్క ప్రశ్న రాత్రిబిల్డ్‌కి, మీ ట్రీ ఎత్తు తగ్గుతుందా? అంటే ఫైల్‌లో ఇండెక్స్ 0 ఒక్కటే మిగిలితే నోడ్ తీసేసి రూట్‌లోనే నేరుగా పేజ్ పాయింటర్ పెట్టే ఆప్టిమైజేషన్ ఉందా?

ఉంటే ఒక గుంత ఉంది. మామూలుగా నోడ్ తీసేసేముందు అన్ని స్లాట్లూ ఖాళీ అయి ఉంటాయి, కాబట్టి పాత నోడ్‌లో నిలబడ్డ రీడర్ రీచెక్ చేస్తే నల్ కనపడి వెనక్కి వస్తాడు. ఎత్తు తగ్గించేటప్పుడు మాత్రం పేజ్ ట్రీలోనే ఉంటుంది కదా, అందుకని పాత నోడ్ స్లాట్ 0ని నల్ చేయలేరు, చేస్తే లుకప్ చేస్తున్నవాడికి ఉన్న పేజ్ లేదని చెప్పినట్టవుతుంది. అలాగే వదిలేస్తే? తర్వాత ఆ పేజ్‌ని రూట్‌లోంచి తీసి ఫ్రీ చేశారు, ఇంకో ఫైల్‌కి వెళ్ళింది. పాత నోడ్‌లో ఇంకా నిలబడ్డ రీడర్ కౌంట్ పెంచాడు, దొరికింది, రీచెక్ చేశాడు, పాత నోడ్‌లో స్లాట్ మారలేదు, పాస్! మళ్ళీ వేరే ఫైల్ డేటా, అదీ రీచెక్ ఉండగానే.

అందుకే లైనక్స్ ఎత్తు తగ్గించేటప్పుడు పాత నోడ్ స్లాట్‌లో "మొదటినుంచి రా" అనే ప్రత్యేకమైన గుర్తు పెడుతుంది. ఎక్స్‌అర్రేలో రీట్రై ఎంట్రీ అంటారు. అది కనపడితే స్లాట్ మళ్ళీ చదివితే చాలదు, రూట్ నుంచి దిగాలి. స్లాట్‌మళ్ళీచూడు గారు రాసిన స్టెప్పుల్లో "ట్రీ పైనుంచి దిగి" అన్నది అందుకే ముఖ్యం.

మెమరీ ఆర్డరింగ్ కూడా ఒకసారి చూసుకోండి. కౌంట్ పెంచడం, రీచెక్ చదవడం, ఈ రెండూ తారుమారవ్వకూడదు. ఎక్స్86 మీద లాక్ ప్రిఫిక్స్ ఉన్న ఇన్‌స్ట్రక్షన్ తనే ఫుల్ బ్యారియర్, కాబట్టి మీకు ఎప్పటికీ బగ్ కనపడదు. ఆర్మ్64 మీద రిలాక్స్‌డ్ (వరసకి హామీ లేని) అటామిక్ వాడితే రీచెక్ ముందే చదివేయొచ్చు, అప్పుడు రీచెక్ ఉన్నా లేనట్టే. అలాగే ట్రీలో పెట్టేటప్పుడు కౌంట్, మ్యాపింగ్, ఇండెక్స్ ముందు నింపి, పాయింటర్‌ని రిలీజ్ స్టోర్‌తో చివర్లో పెట్టాలి.

---

ఫైలుతలుపు:

స్పీడ్ గురించి కూడా ఒక మాట, మొదటి పోస్ట్ దానితోనే మొదలైంది కాబట్టి. లాక్ పోయింది కానీ 8 థ్రెడ్లూ ఒకే పేజ్ చదివితే ఆ పేజ్ కౌంట్ ఉన్న క్యాష్ లైన్ కోర్ల మధ్య బంతిలా తిరుగుతూనే ఉంటుంది. వేర్వేరు పేజ్‌లు చదివితే మాత్రం తేడా బాగా తెలుస్తుంది. పెద్ద రీడ్‌లకి ఒక్కో పేజ్‌కీ ట్రీ దిగకుండా ఒకసారి దిగి వరసగా 15 పేజ్‌ల దాకా పట్టుకునేలా బ్యాచ్ చేస్తే మంచిది, లైనక్స్ చాలాకాలం ఆ సైజే వాడింది. ఫోలియోల వెనక ఉన్న ఆలోచనల్లో ఇది కూడా ఒకటి, 64 కేబీ ఫోలియోకి 16 కౌంట్లు కాదు, ఒకటే.

వేరే దారి చూడాలంటే ఫ్రీబీఎస్‌డీ 13 కోడ్ చదవండి. అక్కడ కూడా లాక్ లేకుండా రాడిక్స్ ట్రై దిగుతారు, నోడ్లని కాపాడేది ఎస్ఎంఆర్ (సేఫ్ మెమరీ రిక్లమేషన్) అనే వాళ్ళ సొంత పద్ధతి, పేజ్ దొరికాక దాన్ని పట్టుకుని, అదే ఆబ్జెక్టూ అదే ఇండెక్సూ అవునా కాదా అని తిరిగి చూస్తారు. స్లాట్‌ని కాకుండా పేజ్ గుర్తింపుని చెక్ చేస్తారన్నమాట, ట్రీమెట్లు గారు చెప్పిన గుంత ఈ దారిలో రాదు. నాకైతే చిన్న కెర్నల్‌కి ఇదే తేలిగ్గా అనిపిస్తుంది.

---

రాత్రిబిల్డ్:

ట్రీమెట్లు గారూ, ఎత్తు తగ్గించే ఆప్టిమైజేషన్ ఉంది, రెండు నెలల కిందట చాలా సంతోషంగా రాసుకున్నా. స్లాట్ అలాగే వదిలేశా. ఆ గుంత నాది ఉన్నదున్నట్టు. మీరు అడక్కపోయుంటే ఎప్పటికి పట్టుకునేవాణ్ణో తెలీదు.

టెస్ట్ చేద్దామని పాయింటర్ తీసుకున్నాక, కౌంట్ పెంచేముందు, డీబగ్ బిల్డ్‌లో రాండమ్‌గా కాసేపు ఆగేలా పెట్టా, ఫ్రీ లిస్ట్‌ని కూడా చివరగా వచ్చింది ముందు ఇచ్చేలా మార్చా, అప్పుడు పేజ్ వెంటనే రీయూజ్ అవుతుంది కదా. ఒక్క పేజ్ ఉన్న చిన్న ఫైళ్ళు వందల్లో చేసి, పెంచుతూ కుదిస్తూ చదివించా. నిమిషం లోపే వేరే ఫైల్ డేటా వచ్చింది, రీచెక్ పాస్ అయి మరీ. రీట్రై గుర్తు పెట్టాక అదే టెస్ట్ మధ్యాహ్నం నుంచి నడుస్తోంది, ఇప్పటిదాకా ఏమీ రాలేదు.

పెద్ద ముక్కల ఫ్రీ కూడా గ్రేస్‌పీరియడ్ గారు చెప్పినట్టు మార్చా. రేపు ఆర్మ్64 బోర్డు మీద ఇదే టెస్ట్ పెడతా, నా కంపేర్ అండ్ స్వాప్ లూప్ రిలాక్స్‌డ్‌గా రాసి ఉంది, ముందు అలాగే నడిపి బగ్ వస్తుందేమో చూసి ఆ తర్వాత అక్వైర్ పెడతా. వచ్చినా రాకపోయినా ఇక్కడే రాస్తా.